తిరుపతి ఉద్యోగాల లెక్కకు పంచాంగం కూడా కావాలి

2024 అక్టోబరుతో పోలిస్తే 2025 అక్టోబరులో తిరుపతి లాడ్జీలు, హోటళ్లలో పని పడిపోయిందని ఎవరైనా లెక్క చూపిస్తే వెంటనే నమ్మొద్దు. 2024లో శ్రీవారి బ్రహ్మోత్సవాలు అక్టోబరు 4 నుంచి 12 దాకా జరిగాయి. 2025లో సెప్టెంబరు 24న మొదలై అక్టోబరు 2తో ముగిశాయి. తొమ్మిది రోజుల్లో ఏడు సెప్టెంబరుకు వెళ్లిపోయాయి. గదులు ఊడ్చే మనిషి దగ్గర్నుంచి జీపు డ్రైవరు దాకా అందరి అదనపు పనీ వాటితోపాటే నెల మారింది. ఉద్యోగాలు ఎక్కడికీ పోలేదు.

వైకుంఠ ఏకాదశి ఇంకా తికమక పెడుతుంది. 2023లో జనవరి 2న ఒకటి, డిసెంబరు 23న మరొకటి వచ్చాయి. 2024లో ఒక్కటీ లేదు. 2025లో జనవరి 10న, డిసెంబరు 30న మళ్లీ రెండు. దీనికి అధిక మాసం తోడవుతుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో సెప్టెంబరులో సాలకట్ల (ఏటా జరిగే వార్షిక), అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలు రెండూ జరిగాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలలను 2025తో కాదు, 2023తో పోల్చాలి. తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలు మాత్రం సౌరమానం పుణ్యమా అని ఏటా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకానే ఉంటాయి. యాత్రికుల మీద బతికే రంగానికి నెలవారీ లెక్క వేసేవాళ్లు సెప్టెంబరు-అక్టోబరును ఒక జంటగా, డిసెంబరు-జనవరిని ఇంకో జంటగా కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుంది.

అసలు తిరుపతికంటూ నెలవారీ అంకె ఉందా? కేంద్ర గణాంక శాఖ చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఉపాధి సర్వే 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా నిరుద్యోగ రేటు ఇస్తోంది. కానీ అది దేశం మొత్తానికి. పైగా గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. గరుడ సేవ రోజు మాత్రమే టిఫిన్ బండి దగ్గర గిన్నెలు తోమిన కుర్రాడూ, తిరుమలలో పర్మినెంటు ఉద్యోగీ ఒకే గడిలో పడతారు.

అందుకే చాలామంది ఈపీఎఫ్ పేరోల్ అంకెల వైపు, అంటే పీఎఫ్‌లో చేరిన, వెళ్లిపోయిన సభ్యుల లెక్క వైపు వెళ్తారు. అక్కడా మెలికలున్నాయి. ఇరవై మంది, అంతకు మించి ఉన్న సంస్థలకే పీఎఫ్ తప్పనిసరి. ఊళ్లో టిఫిన్ సెంటర్లు, ట్యాక్సీలు, చిన్న లాడ్జీలు చాలావరకు ఈ గీతకు కిందే ఉంటాయి. పెద్ద ఫ్యాక్టరీల సంగతి వేరు: లైను మీద నిలబడేవాళ్లలో చాలామందికి పీఎఫ్ పడేది కంపెనీ కోడ్‌లో (పీఎఫ్ రిజిస్ట్రేషన్ నంబరులో) కాదు, కాంట్రాక్టరు కోడ్‌లో. ఆ కాంట్రాక్టరు కోడ్ చెన్నైలో తీసుకుని ఉంటే సత్యవేడు మనిషి పని శ్రీసిటీలో, లెక్క తమిళనాడులో. కాంట్రాక్టరు మారిన నెలలో అదే మనిషి అదే మిషను దగ్గర నిలబడి ఉన్నా కాగితం మీద ఒకసారి ‘వెళ్లిపోయాడు’, ఒకసారి ‘తిరిగి చేరాడు’. ఆలస్యంగా రిటర్ను వేసేవాళ్లుంటారు కనుక మొదట వచ్చిన అంకె తర్వాత మారుతుంది కూడా.

నన్నడిగితే మనుషుల సంఖ్య కంటే పనిదినాలు నిజం చెబుతాయి. సంస్థలు ప్రతి నెలా 15లోపు వేసే పీఎఫ్ రిటర్ను ఈసీఆర్‌లో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. జీతం లేని రోజులు అందులో రాస్తారు. ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలో లైను నెమ్మదించి ఒక మనిషికి నెలలో పది డ్యూటీలే దొరికినా సభ్యుల సంఖ్యలో అతను ఒకటిగానే ఉంటాడు. ముప్పై రోజుల నెలలో ఎన్‌సీపీ ఇరవైకి చేరిందంటే అసలు కథ అక్కడుంది. ఈఎస్‌ఐ లెక్క చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. నెల జీతం 21,000 దాటినవాళ్లు ఆ ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యేదాకా కొనసాగి, ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో జాబితా నుంచి బయటికొస్తారు. ఆ రెండు నెలల్లో కనిపించే తగ్గుదలలో కొంత నిజానికి జీతాలు పెరిగినందుకు వచ్చింది.

ఫ్యాక్టరీల సీజన్లు కూడా ఒకదాన్నొకటి కప్పేస్తాయి. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ లాంటి ఏసీ కంపెనీలకు చేతినిండా పని ఎండాకాలానికి ముందు నుంచి మే దాకా. జూన్‌లో అక్కడ షిఫ్టులు తగ్గేసరికి చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబగళ్లు నడుస్తాయి. రెండూ కలిపితే గీత సమంగా కనిపించొచ్చు. కానీ వీళ్లూ వాళ్లూ ఒకరు కాదు. అక్కడ పని తగ్గింది ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లకు, ఇక్కడ పెరిగింది కాయ ఏరి, కడిగే దినకూలీ ఆడవాళ్లకు. మామిడిలో ధర చూసి ఉపాధిని అంచనా వేయడమూ కుదరదు. 2025లో కాయ విరగకాసింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇచ్చేలా ఏర్పాటు చేసినా కాయ కొనే ర్యాంపుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతుకు నష్టమొచ్చిన ఏడాది అని గుజ్జు ఫ్యాక్టరీలో కూలి తగ్గిందనుకుంటే పొరపాటే. కాయ వస్తున్నన్నాళ్లూ అక్కడ షిఫ్టు నడుస్తూనే ఉంటుంది.

అమెరికాలో నగర ప్రాంతాల వారీగా, రంగాల వారీగా నెలనెలా ఉద్యోగాల లెక్క ఇస్తారు. అక్కడ సంస్థల్ని అడిగే ముఖ్యమైన ప్రశ్న ఇది: 12వ తేదీ ఏ జీతాల వ్యవధిలో పడితే ఆ వ్యవధిలో ఎంతమంది ఉన్నారు? రోజు స్థిరంగా ఉండటం మంచి పద్ధతి. అయితే మనం 12నే పట్టుకుంటే జనవరిలో అది సరిగ్గా సంక్రాంతి ముందు పడుతుంది, చాలామంది అప్పటికే ఊళ్లకు బయల్దేరి ఉంటారు. జీతం పడగానే మానేసేవాళ్లూ ఆ వారంలోనే ఎక్కువ. తిరుపతి జిల్లా యంత్రాంగం ఇలాంటి లెక్క మొదలుపెడితే 20వ తేదీ ఉన్న వారం నయం. అప్పటికి జీతాలు పడిపోయి ఉంటాయి, ముందు నెల ఈసీఆర్ చేతిలో ఉంటుంది. కాంట్రాక్టరు కోడ్ ఎక్కడిదైనా సరే, పని చేసే చోటి పిన్‌కోడ్ వేరే గడిలో రాయించాలి. రేణిగుంట, ఏర్పేడు, సత్యవేడు, వరదయ్యపాళెం పిన్‌కోడ్‌లు నాలుగూ ఒక షీటులోకి వస్తే సగం పని అయినట్టే.