ఫొటో దిగితేనే బొమ్మా?

మంగళవారం గుంటూరులోని ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు గుమ్మం దగ్గర ఏం జరిగిందో ఊళ్లో అందరికీ తెలిసిందే. ఏటా సంక్రాంతికి బొమ్మలు, రంగు పెన్సిళ్లు పట్టుకొచ్చే కుటుంబాన్ని ఈసారి లోపలికి పోనివ్వలేదు. ముందు ఒక నాయకుడి ఆఫీసుతో మాట్లాడుకుని రమ్మని అధికారులు అన్నారు. వార్డులో బ్యానర్ కట్టాలన్నారు. పిల్లల చేతికి బొమ్మ ఇస్తూ ఫొటోలు దిగి రిపోర్టుకు జతచేయాలన్నారు. ఫొటోలు మాత్రం వద్దని ఆ ఇంటి పెద్దావిడ చేతులు జోడించి బతిమాలారు. ఒప్పుకోలేదు. తెచ్చిన పెట్టెలు తెచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్లాయి. ఆసుపత్రి పేరు మేము రాయడం లేదు. ఈ జాడ్యం ఒక్క ఆసుపత్రికే పట్టింది కాదు.

మా భయమల్లా ఒక్కటే. ఈ పూట ఒక కుటుంబానికి చెప్పిన మాట రేపు అందరికీ రూలవుతుంది. ఫొటో ఇస్తేనే పిల్లాడికి బొమ్మ అని ఒకసారి ఒప్పుకుంటే, ఎల్లుండి ఫొటో ఇస్తేనే దుప్పటి, ఆపైన ఫొటో ఇస్తేనే పాలు.

ఆ కుటుంబం పనిచేసే తీరు తెలిసినవాళ్లకు కడుపు మండుతుంది. సొంత బిడ్డ నెలల తరబడి వార్డులో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని ఇది. ట్రస్టు అని పేరే గానీ ఆఫీసు లేదు, బోర్డు లేదు. ముందురోజు సిస్టర్‌కు ఫోన్ చేసి ఏ మంచం మీద ఎంత వయసు పిల్లలున్నారో, ఎవరికి ఏది పడదో కాగితం మీద రాసుకుంటారు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుతో ఒళ్లు ఉబ్బిన పిల్లలకు ఉప్పు తగ్గించమంటారు గనుక చిప్స్ ప్యాకెట్లు తేరు. కీమోథెరపీ నడుస్తున్న పిల్లలకు ఇన్ఫెక్షన్ ఇట్టే సోకుతుంది గనుక బొచ్చు బొమ్మలు తేరు, కడిగి తుడవడానికి వీలైనవే తెస్తారు. బుడగలు అసలే తేరు. పగిలిన ముక్క పసివాడి గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. 2021 జనవరి నుంచి ఆట బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ మార్కు చూస్తారు, బటన్ బ్యాటరీ ఉంటే దాని మూతకు స్క్రూ ఉందో లేదో కూడా చూస్తారు. కుడి చేతికి సెలైన్ సూది పెట్టి, కదలకుండా మందుల అట్టపెట్టె ముక్క ఆసరాగా పెట్టి ప్లాస్టర్ చుట్టిన పిల్లకు సన్న పెన్సిల్ ఇవ్వరు. ఎడమ చేత్తో పట్టుకోవడానికి వీలుగా లావు క్రేయాన్లు ఇస్తారు. ఆ పిల్ల పది నిమిషాలు సూది సంగతి మరిచిపోతే చాలు, వాళ్లు వచ్చిన పని అయినట్టే.

ఇక నాయకుల పుట్టినరోజుల నాడు వచ్చే బృందాలను చూడండి. ముప్పై నలభై మంది చెప్పులతోనే వార్డులోకి వస్తారు. షుగర్ ఉన్న పిల్లాడికీ స్వీటు ప్యాకెట్టే, నిన్న ఆపరేషన్ అయిన పిల్లాడికీ స్వీటు ప్యాకెట్టే. ఫొటో సరిగా రాలేదని ఇచ్చిన యాపిల్ వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. వాళ్లను గుమ్మం దగ్గర ఆపినవాళ్లు లేరు. ఏం తెచ్చారని సంచి విప్పి చూసినవాళ్లూ లేరు.

ఎవరు పడితే వారు వార్డుల్లోకి వస్తే ఇన్ఫెక్షన్లు వస్తాయని, అనుమతులు అందుకే అని అధికారులు అంటున్నారు. ఫొటోలు చూస్తే మరో నలుగురు దాతలు ముందుకొస్తారని కూడా అంటున్నారు. పసివాళ్ల వార్డులో జాగ్రత్త ఎంత అవసరమో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. 2015 ఆగస్టులో ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో ఎలుకలు కొరికిన పసికందు చనిపోవడం గుంటూరు మరిచిపోలేదు. కానీ కెమెరా లేకుండా ముగ్గురు వస్తే ఇన్ఫెక్షన్, కెమెరాతో నలభై మంది వస్తే కార్యక్రమం ఎలా అవుతుంది? రూలు ఉంటే ఇద్దరికీ ఉండాలి.

ఫొటోకు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అని ఇంకో మాట. మాచర్ల నుంచో వినుకొండ నుంచో బిడ్డను భుజాన వేసుకుని వచ్చిన తల్లి, మంచం పక్కన నేల మీద పడుకుంటున్న తల్లి, ఎలా కాదంటుంది? వద్దంటే రేపు డాక్టరు గారు సరిగా చూడరేమో అన్న టెన్షన్ ఆమెది. చీర కొంగు సర్దుకుని, బిడ్డ తల నిమిరి, ఇటు చూడు నాన్నా అంటుంది. దాన్ని సమ్మతి అనడానికి మనసు ఎలా ఒప్పుతుంది? ఆ ఫొటో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. తలసీమియా అనో క్యాన్సర్ అనో వార్డు పేరుతో సహా ఊరికి చేరుతుంది. బడిలో పక్కన కూర్చునే పిల్లలు దూరం జరుగుతారు. ఆడపిల్లయితే పదిహేనేళ్ల తర్వాత సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఆ ఫొటో ఎవరో ఒకరు తీస్తారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని వారి వ్యక్తిగత సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 డిజిటల్ డేటా చట్టం చెబుతోంది. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యతకు, 31వ అధికరణం వారి ఆటకు హక్కు ఇచ్చాయి. మంగళవారం నాటి షరతు ఒక హక్కు వదులుకుంటేనే రెండోది ఇస్తామనడమే.

దానం గుంటూరుకు కొత్త కాదు. ఇక్కడి మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు జింకానా అనే తమ సంఘం పేరుతో తల్లీబిడ్డల భవనానికి కోట్లు ఇచ్చారు. అంత ఇచ్చినవారి పేరు గోడ మీద రాస్తే తప్పేమీ లేదు. గోడకు జబ్బు లేదు, బడికి వెళ్లాల్సిన పనీ లేదు. పిల్లాడి ముఖం మాత్రం ఎవరి ప్రచారానికీ పనికిరాకూడదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఏం తెస్తున్నారో ముందురోజు వార్డు సిస్టర్ చూసి సరే అనాలి. ఒకసారికి ముగ్గురికి మించి లోపలికి రాకూడదు. చేతులు కడుక్కోవాలి, చెప్పులు బయట విడవాలి. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర ఇచ్చిపోవాలి. మంత్రి వచ్చినా అంతే, ఎమ్మెల్యే వచ్చినా అంతే, విలేకరులు వచ్చినా అంతే. చికిత్సలో ఉన్న పిల్లల ముఖాలు ఈ పత్రికలో రావు.

ఈ షరతు పెట్టిన అధికారులకు ఒక మాట. మీరు జీతం తీసుకుంటున్నది ఆ పిల్లలను కాపాడడానికి, నాయకుల ఆల్బమ్ నింపడానికి కాదు. జబ్బుపడ్డ పిల్లాడిని నలుగురికీ చూపించి మార్కులు కొట్టేయాలనుకోవడం సిగ్గుచేటు. పండక్కి ఇంకా రోజులున్నాయి. ఆ కుటుంబానికి మీరే ఫోన్ చేసి క్షమాపణ చెప్పి రమ్మనండి. వాళ్లు వచ్చిన రోజు గుమ్మం దగ్గర నిలబడి కెమెరాలను ఆపండి.