జార్మో మట్టిగోడకు బహిరంగ లేఖ

అయ్యా మట్టిగోడా,

ఇరాకీ కుర్దిస్తాన్‌లో, చమ్‌చమాల్ పట్టణం దగ్గర, జార్మో అనే తొలినాటి రైతుల పల్లెలో దాదాపు 9,000 ఏళ్ల కిందట లేచావు. తర్వాత కూలావు. లేచినప్పుడూ మట్టివే, కూలాకా మట్టివే. మరి మేం నిన్ను గుర్తుపట్టేదెట్లా?

ఇటుకలుంటే సందుల గీతలు పట్టుకుని వచ్చేవాళ్లం. నీకవీ లేవు. తొక్కిన మట్టి ఒక వరుస పెట్టడం, ఆరాక దాని మీద ఇంకో వరుస. మన పల్లెల్లో మట్టిగోడ పెట్టిన తీరే. అక్కడ తౌఫ్ అంటారు. కూలితే ఎత్తిపొయ్యకుండా చదును చేసి, పైనే మళ్లీ ఇల్లు. అట్లా పేరుకుని పేరుకుని ఏడు మీటర్ల పాటిదిబ్బవయ్యావు.

1948లో షికాగో నుంచి పురావస్తువేత్త రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్ బృందం తవ్వకానికి దిగింది. పేరంతా మాడిన గోధుమగింజలకీ, మేక ఎముకలకీ, వాన్ సరస్సు వైపు నుంచి వచ్చిన నల్లగాజు రాతికీ దక్కింది. వాటిని ఇన్నాళ్లూ కడుపులో దాచినదానివి, నీకు మిగిలింది తట్టా పారా.

నిన్ను పట్టాలంటే ముందు నేల దొరకాలి. రెల్లు పరిచి పైన మట్టి మెత్తారు కనుక రెల్లు అచ్చు కనబడగానే ఆగాలి. తర్వాత గది మధ్య నుంచి నీ వైపు తవ్వుకు రావాలి. పూత ఉంటే, కూలిన మట్టి దాన్నుంచి పెళ్లగా ఊడొస్తుంది. లేదా, తాపీతో అడ్డంగా గీకి, నీళ్లు చల్లి, ఏ మేర ముందు ఆరుతుందో చూస్తూ కూర్చోవాలి. అదీ ఏటవాలు ఎండలోనే. మిట్టమధ్యాహ్నం అంతా ఒకటే రంగు. ఓపిక తప్పిందా, తాపీ నీ పొట్టలో దిగుతుంది. దిగిందని ఒప్పుకోవడం నామోషీ కదా! అదే వరసన తిన్నగా చెక్కుకుపోయి లేని గోడను నిలబెట్టే మహానుభావులున్నారు. అసలు గోడ ఎన్నడూ అంత నిటారుగా ఉండి ఉండదు. ఫొటోలో మాత్రం దివ్యంగా ఉంటుంది.

వయసు సంగతీ అంతే. నీలో చిక్కిన బొగ్గును బట్టే నీ వయసు లెక్కిస్తాం. పాత ఇళ్ల చెత్త తవ్వి నీకు మట్టి కలిపితే, ఆ బొగ్గు వయసులో నీకన్నా పెద్దదవుతుంది. పైగా ఎలుక కన్నాలు! జార్మోలో కుండపెంకులు పై మూడోవంతు పొరల్లోనివి. ఒక్కటి కన్నంలోంచి కిందికి జారిందంటే కుండల చరిత్రే వెనక్కి జరుగుతుంది. అందుకే కన్నాల్లోని వదులు మట్టిని విడిగా తీసి, విడి సంచిలో కట్టాలి.

ఇంతా చేసి బయటపెడితే, చలికాలపు వానలకి కరిగిపోతావు. కాబట్టి పైన బట్ట పరిచి, తవ్విన మన్నే మళ్లీ పోసి పూడుస్తాం. ఆ మన్నూ నువ్వే.

ఇట్లు,
నీ తాపీవాళ్లు