నలభై నిమిషాల నిపుణుడు

తరగతి గది నిర్వహణ గురించి మాట్లాడే అర్హత నాకు కొత్తగా వచ్చింది. ఈమధ్య ఒకటో తరగతి గదిలో, చిట్టచివరి వరుసలో, ఆరేళ్ల పిల్లల కోసం చేసిన కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా 40 నిమిషాలు కూర్చున్నాను. చేతిలో టీచరు పాఠాన్ని పరిశీలించి నింపాల్సిన ఒక ఫారం, ఒక బటన్ పెన్ను. ఇంతకన్నా తక్కువ సరుకుతో విద్యారంగాన్ని ఉద్ధరించినవాళ్లు ఉన్నారు కాబట్టి నేను మొహమాటపడదలచుకోలేదు.

ఆమాటకొస్తే ఈ విషయంలో బడికి వెళ్లిన ప్రతివాడూ నిపుణుడే. డాన్ లోర్టీ అనే సమాజశాస్త్రవేత్త 1975లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ వేల గంటలు టీచర్లను చూస్తూ పెరుగుతాం, అందుకని పాఠం చెప్పడమంటే ఏమిటో తెలిసిపోయిందనుకుంటాం. తీరా మనం చూసింది ప్రేక్షకుల్లో కూర్చుని, తెర వెనక ఏం జరుగుతుందో మనకు తెలియదు అన్నాడు. పాపం ఆయన హెచ్చరికగానే చెప్పాడు. నేను దాన్ని సర్టిఫికెట్‌గా స్వీకరించాను.

నా ఫారంలో రెండు పెద్ద గడులు. ఎడమవైపు ‘విద్యార్థి చేసిన తప్పు’, కుడివైపు ‘టీచర్ తీసుకున్న చర్య’. గంట మోగినప్పటినుంచీ నా కళ్లు ఆ ఎడమ గడిమీదే. పావుగంట గడిచినా అది బోసిగానే ఉంది. అలాగని గదిలో సరుకు లేదని కాదు. మూడో బెంచీలో ఇద్దరు పిల్లలు ఒకే రబ్బరును చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. ఒకడి రెండో చెయ్యి మెల్లగా పైకి లేస్తోంది. నేను పెన్ను టక్కున నొక్కి సిద్ధమయ్యాను.

టీచరమ్మ బోర్డు మీద ‘అల’, ‘వల’, ‘తల’ అని రాసి చదివిస్తున్నారు. ‘అల’ దగ్గర నడక మొదలుపెట్టి, ‘వల’ దగ్గరకు వచ్చేసరికి ఆ బెంచీ పక్కకు చేరారు. వాళ్లిద్దరివైపు కన్నెత్తి కూడా చూడలేదు. మిగతా క్లాసుతో చదివిస్తూనే అరచెయ్యి ఆ బెంచీ మీద ఆనించారు, అంతే. పైకి లేచిన చెయ్యి, తల గోక్కోవడానికే లేచానన్నట్టు తలమీదకు వెళ్లింది. రబ్బరు బెంచీ మీదకు వచ్చి పడుకుంది. ‘తల’ అన్నారు ముప్పై గొంతులతో కలిసి ఆ ఇద్దరూ. టీచరమ్మ మళ్లీ బోర్డు దగ్గర ఉన్నారు.

ఇప్పుడు నేనేం రాయాలి? తప్పు జరగలేదు. కాబట్టి చర్య లేదు. ‘చర్యలు: సున్నా’ అని రాసి పెన్ను లోపలికి నొక్కాను.

అదే సమయంలో పక్క గదిలో డస్టర్‌తో బల్లను బాదుతున్న చప్పుడు, ‘సైలెన్స్! సైలెన్స్ అన్నానా!’ అనే కేక. ఆ గదికి వెళ్లినవాడు అదృష్టవంతుడు. పది నిమిషాల్లో రెండు గడులూ నింపుకుని, టీ తాగడానికి వెళ్లిపోయి ఉంటాడు.

జేకబ్ కౌనిన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. తన క్లాసులో ఒక కుర్రాడు న్యూస్‌పేపర్ చదువుకుంటుంటే మందలించాడు. తిట్టింది ఒకణ్ని, సర్దుకుని కూర్చుంది అందరూ. ఇదేమిటా అని ఆయనకు పురుగు తొలిచింది. ఏళ్ల తరబడి తరగతి గదుల వీడియోలు చూసి, 1970లో తేల్చింది ఏమిటంటే, క్లాసును బాగా నడిపే టీచరుకూ నడపలేని టీచరుకూ పిల్లలను మందలించే పద్ధతిలో పెద్ద తేడా ఏమీ లేదట. తేడా అంతా మందలించాల్సిన అవసరం రాకముందే ఉందట. వీపుకు కళ్లున్నట్టు గదంతా కనిపెట్టి ఉండటం, ఆ సంగతి పిల్లలకు తెలిసేలా ఉండటం, పాఠం ఆపకుండానే పక్కన అంటుకోబోయే నిప్పు ఆర్పడం. శాస్త్రీయంగా ఇది గొప్ప విషయమే కావచ్చు. ఫారం పరంగా మాత్రం పెద్ద తలనొప్పి. జరగని గొడవకు గడి ఎక్కడినుంచి తెస్తాం?

అందుకని నాదొక నిర్మాణాత్మక సూచన. పరిశీలకుడు వచ్చే రోజున ప్రతి టీచరూ కనీసం రెండు గొడవలను పూర్తిగా పండనివ్వాలి. ఒకటి కొట్టుకునే స్థాయిది, ఒకటి ఏడ్చే స్థాయిది. తర్వాత వాటిని అందరికీ వినబడేలా పరిష్కరించాలి. నేను చూసిన టీచరమ్మలా చిచ్చును మొగ్గలోనే తుంచేస్తే, ఆవిడకు పనేమీ లేదనుకునే ప్రమాదం ఉంది. అనుకున్నాను కూడా.

గొంతు గురించీ నాకు ఫిర్యాదు ఉంది. తెలుగు పుస్తకం లోపల పెట్టి లెక్కల పుస్తకం తీయాల్సిన ఘట్టం వచ్చింది. పెద్దవాళ్లకు ఇది రెండు క్షణాల పని. ఒకటో తరగతిలో ఇదొక వలస. ఒకడు సంచీలో తల పూర్తిగా దూర్చేశాడు, భుజాలు కూడా పోయేట్టున్నాయి. ఒకమ్మాయి పోయిన వారం పోయిందనుకున్న సాక్సు దొరికి ఆనందంతో దాన్ని ఊపుతోంది. ‘టీచర్, వీడు నా పుస్తకం తీశాడు’, ‘టీచర్, నా పన్ను ఊగుతోంది’, ‘టీచర్, టాయిలెట్’. గది మార్కెట్‌లా అయిపోతున్న ఆ సమయంలో టీచరమ్మ గొంతు పెంచాలా వద్దా? తగ్గించారు! పెదాలు కదులుతున్నాయి తప్ప వినబడటం లేదు. ఏం చెబుతున్నారో అని ముందు వరుస నోరు మూసుకుంది, తర్వాత రెండోది. ‘లెక్కల పుస్తకం తీసి పదో పేజీమీద వేలు పెట్టండి’ అని గుసగుసగా అంటున్నారని చివరికి తెలిసింది. ముప్పై వేళ్లు పదో పేజీమీద ఉన్నాయి. ఊగే పన్ను అమ్మాయి మాత్రం ఒక వేలు పేజీమీద, ఒక వేలు పన్నుమీద పెట్టింది. ఫారంలో ‘స్వరం వెనక వరుస వరకు చేరడం లేదు’ అని రాశాను. నిజం రాయాలి కదా.

ప్రాథమిక తరగతుల టీచరు రోజుకు వెయ్యిసార్ల దాకా పిల్లలతో ఏదో ఒక ఇచ్చిపుచ్చుకోలు నడుపుతుందని ఫిలిప్ జాక్సన్ అనే విద్యా పరిశోధకుడు 1968లో రాశాడు. నా ఫారంలో వరుసలు ఇరవై.

ఇక మౌనం. నెడ్ ఫ్లాండర్స్ అనే విద్యా పరిశోధకుడు తయారుచేసిన తరగతి పరిశీలనా పద్ధతి ఒకటుంది. మూడు సెకన్లకోసారి, గదిలో ఏం జరుగుతోందో ఒక అంకె వేయాలి. మొత్తం పది రకాలు. ఏడు టీచరు మాటలకు, రెండు పిల్లల మాటలకు. మిగిలిన పదోది ‘మౌనం లేదా గందరగోళం’. రెండూ ఒకే గడిలో! నాకు తెగ నచ్చింది. నేనూ మాట్లాడకుండా ఉన్నప్పుడు మా ఇంట్లోవాళ్లు అలాగే లెక్కవేస్తారు.

టీచరమ్మ ఒక గ్లాసులో ఐసు ముక్క వేసి, అది కరిగిపోయాక, ‘ఎక్కడికి పోయింది?’ అని అడిగారు. అడిగి ఊరుకున్నారు. నేను పది అని వేశాను. ఇంకా ఊరుకున్నారు. మళ్లీ పది. నాకైతే టెన్షన్ వచ్చేసింది, జవాబు నేనే చెప్పేద్దామా అనిపించింది. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో గమనించింది సరిగ్గా ఇదే: టీచర్లు ప్రశ్న అడిగి మామూలుగా ఒక సెకను ఆగి, తామే అందుకుంటారు, మూడు సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, నోరెత్తనివాళ్లు కూడా నోరెత్తుతారు. ఆ మూడు సెకన్లే నా లెక్కలో ‘గందరగోళం’ కింద పడ్డాయి. ఈలోగా, అప్పటిదాకా మాట్లాడని బక్కపిల్లాడు నిలబడి, ‘ఎక్కడికీ పోలేదు టీచర్. మెత్తబడింది’ అన్నాడు. టీచరమ్మ సరైనదనీ అనలేదు, తప్పనీ అనలేదు. ‘మెత్తబడింది అంటే?’ అని మళ్లీ ఊరుకున్నారు. పది.

స్టిక్కర్లు ఇవ్వనందుకు కూడా మార్కులు తగ్గించాను. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయిస్తే, ఆ తర్వాత బొమ్మలమీద ఇష్టమే తగ్గిందని 1973లో ఒక ప్రయోగం తేల్చిందట. అయితే కావచ్చు. ఫారంలో ‘ప్రోత్సాహకాలు’ అనే గడి ఉంది, ప్రయోగానికి లేదు.

అసలు ఇబ్బంది చివరి పది నిమిషాల్లో వచ్చింది. పిల్లలు కూడికలు చేస్తున్నారు. నాకు రాయడానికి ఏమీ తోచక పెన్ను బటన్ నొక్కుతున్నాను. టక్, టిక్. టక్, టిక్. నా ముందు బెంచీ కుర్రాడు వెనక్కి తిరిగాడు. వాడి పక్కవాడూ తిరిగాడు. టీచరమ్మ ఎవరి పుస్తకంలోకో వంగి ఉన్నారు, నావైపు ఆవిడ వీపు మాత్రమే ఉంది. ‘నాలుగూ మూడూ ఎంత’ అంటూ అటునుంచి ఇటు వచ్చి, నావైపు చూడకుండానే, నా ముందున్న బల్లమీద అరచెయ్యి ఆనించారు.

నా బొటనవేలు ఆగిపోయింది. ముందున్న ఇద్దరూ అటు తిరిగారు. ఆవిడ ‘ఏడు’ అంటూ ముందుకు వెళ్లిపోయారు. ఆ కుర్చీలో నేను కాస్త నిటారుగా సర్దుకున్నానని కూడా చెప్పాలి.

ఊగే పన్ను అమ్మాయి ఇదంతా చూసింది. చెయ్యెత్తి, ‘టీచర్, ఆ సార్ ఏమీ రాయట్లేదు, దిక్కులు చూస్తున్నాడు’ అంది.

‘ఆయన పని ఆయన చేసుకుంటారు. నువ్వు నీ లెక్క చూసుకో’ అన్నారు టీచరమ్మ, గుసగుసగానే.

నేను ఫారం మీదకు వంగి, ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టాను.