ఫిట్స్‌కి బిళ్ల ఇస్తున్నారు, భయానికి ఎవరిస్తారు?

రెండేళ్లుగా ఒక్కసారీ ఫిట్స్ రాని మనిషి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కడానికి జంకుతున్నాడంటే, అతని వైద్యం పూర్తయిందని ఏ డాక్టరు చెప్పగలడు? సరైన మందులు వాడితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. మన ఆసుపత్రులు ఆ లెక్క దగ్గరే ఆగిపోయాయి. మళ్లీ ఎక్కడ వస్తాయో, ఎవరి ముందు పడిపోతానో అన్న టెన్షన్ మాత్రం మందుల చీటీతో పాటే ఇంటికి వెళ్తోంది.

ఆ భయానికీ మానసిక చికిత్స ఇవ్వండంటే, "న్యూరాలజిస్టుకే దిక్కు లేదు, కౌన్సెలింగా?" అంటారు. కాలవలు, చేపల చెరువుల మధ్య ఆ మాత్రం భయం ఉండటమే మంచిదనీ అంటారు. నిజమే, ఒంటరిగా కాలవలో దిగకూడదు. కానీ స్నానానికి వెళ్లి గడియ వేసుకోకపోవడం జాగ్రత్త. చెల్లెలి పెళ్లికి వెళ్లకుండా గదిలో కూర్చోవడం జబ్బు.

మానసిక చికిత్స అంటే ఉత్తినే ధైర్యం చెప్పడమనుకుంటాం. గుండె దడదడలాడగానే ఫిట్స్ వచ్చేస్తున్నాయనుకునేవాళ్లకు, అది నిజంగా ముందస్తు సూచనా, వట్టి ఆందోళనా అన్న తేడా పట్టుకోవడం నేర్పిస్తారు. భయపెట్టే పనులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాయిస్తారు. మొదట తోడుతో సెంటర్ దాకా, తర్వాత ఒక్కరే, ఆనక అమలాపురం బస్సు. దడ పుట్టినా దిగిపోకుండా, అది తగ్గేదాకా కూర్చోవాలి. ఇంట్లోవాళ్లకూ పాఠం ఉంటుంది: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి. (చేతిలో తాళాలగుత్తి పెట్టడం ఇకనైనా మానండి.) మానసిక చికిత్సలతో మూర్ఛ ఉన్నవాళ్ల బతుకు మెరుగుపడుతోందని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష తేల్చింది. పైగా నిద్రలేమి ఫిట్స్‌ని రప్పిస్తుంది; నిద్ర చెడగొట్టే భయం తగ్గితే బిళ్లకూ సాయమే.

నన్నడిగితే ఈ భయంలో సగం ఫిట్స్ గురించి కాదు, నలుగురి గురించి. హిందూ వివాహ చట్టం చెప్పే పెళ్లి అడ్డంకుల్లోంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. మన పెళ్లిచూపుల్లోంచి ఇంకా తీయలేదు. సంబంధం చెడిపోతుందని పక్క ఊళ్లో మందులు కొనే తండ్రులు, అత్తారింట్లో బిళ్లలు బియ్యం డబ్బాలో దాచుకునే కోడళ్లు డెల్టాలో ఏ ఊళ్లో లేరు? దాచుకుని మింగే బిళ్ల ఏదో ఒక రోజు తప్పుతుంది. ఆ తప్పిన బిళ్లే ఫిట్స్‌ని పిలుస్తుంది. కాకినాడ పెద్దాసుపత్రిలో కౌన్సెలింగ్‌కి ఒక గది కేటాయిస్తే ఈ కోడలు అక్కడికి రాదు. బీపీ చూడటానికి ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి ఈ శిక్షణ ఇవ్వండి, అత్తగారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడమనండి.