బీరువాలో రోబో

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు రోబోటిక్స్ కిట్, అంటే పిల్లలు చిన్న యంత్రాలు చేసి నేర్చుకునేందుకు సెన్సర్లు, మోటార్లు, తీగలు ఉన్న పెట్టె, వచ్చిన రోజు పెద్దలు వస్తారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు ఆ పెట్టె స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కి, అటునుంచి బీరువాలోకి చేరుతుంది. దాన్ని మళ్లీ బయటికి తీయడానికి ప్రధానోపాధ్యాయులు జంకితే తప్పుపట్టలేం. సెన్సర్ కాలినా, మోటారు పోయినా ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చుకోవలసింది వారే. బదిలీ అయ్యే రోజున లెక్క అప్పగించవలసిందీ వారే.

కానీ ఈ చదువు వస్తువును పాడుచేయకుండా వచ్చేది కాదు. ఎనిమిదో తరగతి బాలిక తేమ సెన్సర్‌ను, కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ పలక ఆర్డుయినో బోర్డుకు కలిపి కుండీలో గుచ్చుతుంది. మట్టి పొడిగానే ఉంది, అయినా చిన్న పంపు తిరగదు. తీగ ఒక రంధ్రం పక్కకు దిగిందా, కోడ్‌లో ‘ఎక్కువ’ ఉండాల్సిన చోట ‘తక్కువ’ గుర్తు పడిందా అన్నది ఆమె తానే వెదికి పట్టుకోవాలి. ఆ వెదుకులాటలో రెండు తీగలు తెగుతాయి, ఒక సెన్సర్ పోతుంది. వాటి ఖరీదు వందో, రెండు వందలో. పొలంలో బోరు మోటారును తండ్రి ఇంటి నుంచే ఫోనుతో ఆపే మొబైల్ స్టార్టర్ గుట్టు మాత్రం ఆ పూట ఆమెకు తెలిసిపోతుంది.

పల్లె పిల్లలకు తెర కొత్త కాదు. గ్రామీణ భారతంలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని గ్రామీణ పిల్లల చదువుపై జరిపే అసర్ సర్వే 2024లో తేల్చింది. వారిలో అంతకు ముందు వారం చదువు కోసం ఫోను వాడినవారు 57 శాతమైతే, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. మరో తెర పంచిపెట్టి డిజిటల్ విద్య ఇచ్చేశామనుకుంటే ఈ అంకెలు మారవు.

బోధకుడు లేని యంత్రం గతి ఏమవుతుందో మనం చూసే ఉన్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వేలాది ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలైంది. నిర్వహణ ప్రైవేటు సంస్థల చేతిలో పెట్టారు. ఐదేళ్ల ఒప్పందం ముగియగానే బోధకులు వెళ్లిపోయారు, కంప్యూటర్లు మూలన పడ్డాయి. కేరళ దారి వేరు. 2001 నుంచీ సొంత ఉపాధ్యాయులనే కంప్యూటర్ విద్యకు తయారు చేసుకుంటూ వచ్చింది. 2018లో బడుల్లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో విద్యార్థుల ఐటీ క్లబ్బులు పెట్టింది. 29 వేల రోబోటిక్ కిట్లు ముందుగా బడులకు చేర్చి, 2025-26 నుంచి పదో తరగతి పిల్లలందరికీ రోబోటిక్స్‌ను పాఠ్యాంశం చేసింది. మన రాష్ట్రాలు అనుసరించవలసింది కిట్ల సంఖ్యను కాదు, ఈ వరుసను.

కేంద్రం 2016లో మొదలుపెట్టిన పథకం కింద పిల్లలు చేతులతో పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు అందుతుంది. సగం పరికరాలకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించడం హర్షణీయం. అయితే ల్యాబ్‌కు 1,500 చదరపు అడుగుల స్థలం చూపాలన్న పాత నిబంధన దగ్గరే, వరండాలో పాఠాలు చెప్పే బడి ఆగిపోతుంది. అలాంటి బడికి వ్యాన్‌లో ప్రయోగశాలను తీసుకెళ్లవచ్చు. కుప్పం దగ్గర ప్రాంగణమున్న విజ్ఞాన విద్యా స్వచ్ఛంద సంస్థ అగస్త్య ఫౌండేషన్ ఏళ్ల తరబడి ఆ పని చేస్తూనే ఉంది.

రెండు తెలుగు ప్రభుత్వాలూ గణితం, భౌతికశాస్త్రం ఉపాధ్యాయులకు దీర్ఘకాలిక శిక్షణ ఇవ్వాలి. టైంటేబుల్లో వారానికి కనీసం రెండు పీరియడ్లు కేటాయించాలి. పాఠ్యపుస్తకాలను ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషుతో అచ్చు వేస్తున్నప్పుడు, కిట్ వెంట వచ్చే పుస్తకం మాత్రం ఇంగ్లిషులోనే ఎందుకుండాలి?

వీటికి సమయం, డబ్బు కావాలి. స్టాక్ రిజిస్టర్ సమస్యకు అవీ అక్కర్లేదు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఆమ్లం అయిపోతే ఎవరినీ సంజాయిషీ అడగరు. తీగలు, సెన్సర్లు, చిన్న మోటార్లను కూడా అలాగే వాడకంలో తరిగే సరుకుగా రాసుకోవచ్చని పాఠశాల విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. జూన్‌లో బడులు తెరిచేలోగా హైదరాబాద్, అమరావతి రెండూ ఆ ఉత్తర్వు ఇవ్వాలి.