గొంతుకి ఏం తినాలి అని అడగడం ఇక ఆపుదామా

పాడేవాళ్లు కనబడితే చాలు, మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "గొంతు కోసం ఏం తీసుకుంటారండీ?" మిరియాల పాలు, తేనె, కరక్కాయ, అతిమధురం... టీవీ యాంకర్లదీ ఇదే ధోరణి. రోజూ ఏం సాధన చేస్తారని అడిగేవాళ్లు అరుదు.

అసలు మనం మింగేదేదీ నేరుగా స్వరతంతువులకు తగలదు. అవి ఉండేది శ్వాసనాళం పైభాగంలో. తిండీ, నీళ్లూ వెళ్లేది అన్నవాహికలోకి. పొరపాటున ఒక్క చుక్క అటు పోతే పొలమారి ఉక్కిరిబిక్కిరి అయిపోతాం కదా! అతిమధురం చప్పరిస్తే గరగర తగ్గి హాయిగా ఉండొచ్చు, కాదనను. కానీ పై షడ్జం (పై స) దగ్గర శ్రుతి తప్పేవాళ్లు, అది చప్పరించాక కూడా సరిగ్గా అక్కడే తప్పుతారు.

దానికి మందు సరళీ వరుసలే, అంటే సంగీతంలో మొదట నేర్పే స్వరాల వరుసలే. బోర్ అంటారు. నిజమే, ఆ బోర్‌లోనే పనంతా ఉంది. మొదటి పాఠాలకు మాయామాళవగౌళ రాగాన్ని పెట్టడంలో చాలా తెలివి ఉందని నా అభిప్రాయం. స-రి, గ-మ, ప-ద, ని-స జంటలు దగ్గరదగ్గరగా ఉంటాయి, రి-గ, ద-ని మధ్య మాత్రం పెద్ద ఎడం. కింద స రి గ మ ఏ కొలతలో ఉందో, పైన ప ద ని స కూడా అదే కొలత. తంబూరా పెట్టుకుని విలంబంలో, అంటే బాగా నెమ్మదిగా, 'ఆ' అంటూ అకారంగా పాడి చూడండి, రిషభం (రి) కాస్త పైకి జరిగినా చెవికి దొరికిపోతుంది. ఊపిరి ఎక్కడ చాలడం లేదో, దవడ ఎక్కడ బిగుస్తోందో కూడా అప్పుడే బయటపడుతుంది. మూడో కాలంలో గబగబా పాడేస్తే ఇవన్నీ దాక్కుంటాయి.

కానీ అంత ఓపిక ఎవరికుంది? క్లాసులో చేరి ఆరు నెలలు తిరక్కుండానే పిల్ల స్టేజీ మీద కీర్తన పాడాలి, వీడియో ఫ్యామిలీ గ్రూపులో పడాలి. నేర్పేవాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. వరుసల దగ్గరే ఉంచితే తల్లిదండ్రులు వేరే క్లాసు చూసుకుంటారు.

ఇంకొకటి, పెద్దవాళ్ల పంతం. సినిమా పాటను ఒరిజినల్ శ్రుతిలోనే పాడాలట! కచేరీల్లో మగవాళ్లు ఒకటో కట్టె (శ్రుతి స్థాయి) దగ్గరో, ఆడవాళ్లు ఐదో కట్టె దగ్గరో, ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్లు పెట్టుకుంటారు. మనం మాత్రం మెడ నరాలు పొంగేలా అరుస్తాం. కరోకే యాప్‌లో ట్రాక్‌ని రెండు మెట్లు దించుకోవడానికి నామోషీ దేనికో నాకు అర్థం కాదు. పైగా దాని మీద బోలెడంత ఎకో. ఆ ఎకో తీసేసి ఫోన్‌లో మామూలుగా రికార్డు చేసుకుని వినండి, కాస్త బాధేస్తుంది గానీ ఏ స్వరం దగ్గర కూర్చోవాలో తెలుస్తుంది.

గొంతు బొంగురుపోయినా "సాధన చేస్తే అదే విచ్చుకుంటుంది" అని బలవంతంగా పాడించే సలహా మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. ఒత్తిడి పెట్టి పాడుతూ పోతే స్వరతంతువుల మీద చిన్న చిన్న బొడిపెలు వస్తాయి, వాటినే నాడ్యూల్స్ అంటారు. జలుబు తగ్గాక కూడా బొంగురు మూడు వారాలు దాటి ఉంటే, కషాయాలు పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.