తాళంచెవి ఎవరి దగ్గర?

హోటల్లో దిగడానికీ అతిథిగృహంలో దిగడానికీ ఉన్న అసలు తేడా గదుల సంఖ్యలో లేదు. పిలిస్తే పలికే మనిషి అదే కప్పు కింద ఉండటంలో ఉంది. పొద్దుపోయి వచ్చినవారికి తలుపు తీసేదీ, కుళాయిలో నీళ్లు రాకపోతే మేడెక్కి చూసేదీ, తెల్లవారుజామున రైలు అందుకోవాల్సినవారిని లేపేదీ ఆ ఇంటివారే. ఆ మనిషి లేకుండా, గోడకు బిగించిన అంకెల పెట్టెలో తాళంచెవి, ఫోనుకు ఒక సందేశం మాత్రమే మిగిలిన ఫ్లాటును అతిథిగృహమని చెప్పుకోవడం పేరును అరువు తెచ్చుకోవడమే.

ఈ తేడాను కొన్ని నగరాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, 30 రోజులలోపు బసకు ఇల్లు ఇచ్చేవారు నమోదు చేయించుకోవాలి, అతిథులు ఉన్నన్నాళ్లూ తామూ అక్కడే ఉండాలి, ఇద్దరికి మించి దించుకోకూడదు. బార్సిలోనా ఇంకో అడుగు ముందుకేసి, పర్యాటకులకిచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024లో ప్రకటించింది. స్థానికులకు ఇళ్లు దొరకడం లేదన్నది అందుకు చూపిన కారణం. ఆ కారణం కాదనలేనిదే అయినా, మూకుమ్మడి రద్దును మేము సమర్థించలేం. ఇద్దరే అన్న న్యూయార్క్ పరిమితీ మాకు ఇరుకుగానే తోస్తోంది. యజమాని అక్కడే ఉండాలన్న షరతు మాత్రం సమస్య ఆయువుపట్టును పట్టుకుంది.

ఇంటివారు ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉన్నట్లు కాదు. దొంగల భయంతో కిటికీలకు ఊచలు బిగించి, రాత్రి వీధితలుపుకు లోపల తాళం వేసి, చెవిని తమ గదిలో పెట్టుకుని పడుకునేవారున్నారు. పొగ కమ్ముకుంటే, ఆ ఇంటి దారులు తెలియని కొత్త మనిషి చీకట్లో తడుముకుంటూ ఆ తాళం దాకా వచ్చి ఆగిపోతాడు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగితే పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తల తిరుగుతోందని గ్రహించేసరికే లేచి తలుపు తీసే సత్తువ ఉండకపోవచ్చు. గీజరును బయటి గోడకు మార్చడం, పొగను పసిగట్టే అలారం పెట్టడం, తాళంచెవి అక్కర్లేకుండా లోపలి నుంచి తెరుచుకునే గడియ అమర్చడం నాలుగు గదుల ఇంటికీ మోయలేని భారం కావు.

వంద గదుల హోటలుకు తయారుచేసిన దరఖాస్తునే ఈ ఇంటి చేతిలోనూ పెడితే నిజాయతీపరులు విసిగి మానుకుంటారు, తక్కినవారు అనుమతి ఊసే ఎత్తరు. అధికారులు స్వయంగా వచ్చి, ఇంట్లో ఉండేదెవరు, తలుపు ఎలా తెరుచుకుంటుంది, వేడినీళ్లు ఎక్కడ కాగుతాయి అన్నవి చూసి నమోదు సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య లేని గదికి బుకింగ్ వేదికలు సొమ్ము తీసుకోకూడదు. న్యూయార్క్ ఈ బాధ్యతను వేదికల మీదే పెట్టింది కాబట్టి, అది తమవల్ల కాదన్న మాటకు ఇక చోటు లేదు.